రహీంబీకి రాని మాట

నాయనా,

నువ్వు పోయి ఏడాదైంది. గద్వాలలో నువ్వు సూపర్‌వైజర్‌గా చేసిన పత్తి మిల్లుకు కోస్తా నుంచి కొత్త మేనేజర్ వచ్చాడు. నిన్న మన రహీంబీ ఆయన్ని ప్రేమగా, "ఏం సారూ, తిన్నవా?" అని అడిగింది. "నన్ను నువ్వంటావా?" అని ఆమెను పనిలోంచి తీసేశాడు.

"వనపర్తిల డిగ్రీ చదువుతున్నవు గద, జర నువ్వు చెప్పు బిడ్డా" అని ఆమె నన్ను తోలుకుపోయింది. దారంతా మంచి మాటలు ఏరుకున్నాను.

"సార్, మా వైపు నువ్వు అంటే తక్కువ చేయడం కాదండీ. దేవుణ్ని కూడా అలాగే పిలుస్తాం. దయచేసి మీరు ఆమెను మళ్లీ తీసుకోండి."

ఆయన ముఖం వెలిగిపోయింది. "చూశావా, నీకెంత చక్కగా వచ్చో! ఆమెకీ ఇలా నేర్పు. అప్పుడు చూద్దాం."

నా చక్కని తెలుగే ఆమెకు అడ్డం పడింది. బయట రహీంబీ, "ఏమన్నడు బిడ్డా?" అంది. ముసలామెకు కొత్త నోరు ఎక్కడి నుంచి తేను? నువ్వైతే "తిన్న, నువ్వు తిన్నవా?" అని నీ పనిలోకి పోయేవాడివి.

ఒళ్లు మండిపోతోంది. ఈ ఉత్తరాన్ని కూడా మర్యాదగా ఉంటుందని మొదట "మీరు" అనే మొదలుపెట్టాను నాయనా. ఎవరో పరాయి మనిషికి రాస్తున్నట్టుంటే ఆ కాగితం చింపేశాను.