మార్చి మూడున పుట్టినోళ్లు

బర్మామైన్స్, జంషెడ్‌పూర్
ఫిబ్రవరి 10

ఓలమ్మీ రోహిణీ, నా బంగారు గుంటా,

ఫోన్ సేత్తే మీ మామ్మ స్పీకర్ పెట్టమంటాది. అందుకే ఈ ఉత్తరం. నవ్వకు, నాది నాలుగో తరగతి సదువు. నువ్వు హిందీలో జవాబిచ్చినా పర్లేదు.

కడుపులో పిల్ల అడ్డం తిరిగింది, ఆపరేషన్ తప్పదు, మార్చి రెండో మూడో నాలుగో మీరే సెప్పండన్నాడట రాయపూర్ డాక్టరు. మీ అత్తగారు ఇంద్రాణి మూడే కావాలందట. మా ఊరికి పేరిచ్చిన టాటా గారు పుట్టిన రోజు, ఊరంతా లైట్లు, పుట్టినోడు గొప్పోడైపోతాడట! ఆ రోజు ఇంకెవరెవరు పుట్టినారో పేపర్లో సదివించుకున్నాను. ఫోన్ కనిపెట్టిన బెల్లు దొరా ఆ రోజే పుట్టినాడు. మరి నీకు పుట్టీవోడూ ఫోన్ వదలడు. ఔరంగజేబు సచ్చిందీ ఆ రోజే. ఆ ముక్క మీ అత్తకి సెప్పు, మజా వత్తాది.

పేపరోళ్లు ఎరగని పుట్టుక ఒకటుంది. మీ నాన్న పోలరాజు కంటే ముందు మాకో కొడుకు. మార్చి మూడు పొద్దున్న పుట్టినాడు. పార్కులో లైట్లు ఎలిగేసరికి పోయినాడు. పేరెట్టనేదు. మీ నాన్నకీ సెప్పనేదు. నానూ మీ మామ్మా ఆ మాట ఎప్పుడూ ఎత్తనేదు. మళ్లీ ఆ రోజే పురుడంటే అది తట్టుకోలేదు. రెండను, నాలుగను. మూడొద్దు.

మీ తాత
భీమారావు


ఫిబ్రవరి 12

రోహిణమ్మా,

మొన్నటి ఉత్తరం సింపీ. పోస్టు డబ్బాలో ఏసొచ్చి, నోరాగక మీ మామ్మకి సెప్పీసినాను.

"నా తరపున మాటాడమని నీకెవుడు సెప్పినాడు?" అంది.

"నీ కోసమేనే, బంగారమ్మా."

"ఏటేటా మార్చి మూడుకి పాయసం ఎందుకొండుతున్నాను?"

"టాటా గారి పుట్టినరోజుకి."

"ఆయన నాకేటవుతాడు?" అంది.

ఇన్నేళ్లూ ఆ పాయసం రెండేసి గిన్నెలు లాగించి, "ఏటే టాటా గారి మేనకోడలా, మీ మావకి జీడిపప్పు తక్కువేసినావు" అని ఏడిపించీవోణ్ణి. మాయందర్నీ లైట్లు సూడ్డానికి తోలీసి తనొక్కర్తీ ఇంట్లో ఉండిపోయీది. కాళ్ల నొప్పులనుకున్నాను.

"అయితే ఇప్పుడేటంటావు?" అన్నాను.

"దాని కడుపు, దాని ఇష్టం. నన్నడిగితే మూడే. ఆడి పుట్టినరోజు నానొక్కదాన్నే సేసుకుని సేసుకుని ఇసుగొచ్చీసింది" అంది.

మరి నీ ఇష్టం. మూడంటే మీ అత్త తనే గెలిసినాననుకుంటాది, అనుకోనీ. మీ మామ్మ అప్పుడే రాయపూర్ టికెట్ తియ్యమంటంది. అక్కడ పాయసం తనే వొండుతాదట. పెద్ద గిన్నె అటక మీంచి దింపినాను. నడుం పట్టీసింది.

జీడిపప్పు లెక్కెట్టడం మానేసిన
మీ తాత