వంతెన దాకా బోర్డులు

మార్చి 4, బుధవారం

నాన్న ఇంకా కళ్లు తెరవలేదు. బాత్రూం గుమ్మంలో పడిపోయిన దగ్గర్నుంచి అంతే. ఐసీయూలోకి ఒక్కొక్కరినే, అదీ కాసేపే పంపిస్తున్నారు. నేను లోపలికెళ్లి మానిటర్ చూసి వచ్చేస్తున్నాను. ఇవాళ సిస్టర్ పిలిచి, అలా గుడ్లప్పగించి నిలబడే బదులు ఏదైనా మాట్లాడకూడదా అమ్మా, వినిపిస్తుందేమో ఎవరు చూశారు, అంది. ఇంట్లో నన్ను వసపిట్ట అంటారు. అక్కడ మళ్లీ మానిటర్ చూసి వచ్చేశాను.

మార్చి 5

మాట దొరికింది.

చిన్నప్పుడు సెలవులు ఇస్తే చాలు, కారులో పెద్దత్త వాళ్లింటికి బయల్దేరేవాళ్లం. వెనక సీట్లో సంచులు, సంచుల మధ్య అమ్మ. మా వీధి మలుపు తిరక్కుండానే అమ్మ గురక మొదలు. ముందు సీటు నాది. అది సీటు కాదు, ఉద్యోగం. స్టీరింగ్ పట్టుకుంటే నాన్నకి నిద్రొస్తుందట. దారిలో కనిపించిన ప్రతి బోర్డూ గట్టిగా చదివి నేను ఆయన్ని మేలుకొని ఉండేలా చూడాలి. ఇచ్చట పంక్చర్లు వేయబడును. లేడీస్ టైలర్, మేడ మీద. ఈ గోడకు ప్రకటనలు అంటించరాదు. చదవడం ఆపి నేను గుక్కెడు నీళ్లు తాగినా సరే, ఏమే రేడియో, స్టేషన్ పోయిందా, కళ్లు మూతలు పడుతున్నాయ్ నాకు, అనేవాడు. మా ముగ్గురి ప్రాణాలూ నా గొంతులోనే ఉన్నాయనుకునేదాన్ని. ఎంబీఏ చేసి పట్టిన ఉద్యోగాలూ, విసుగెత్తి వదిలేసినవీ, ఏదీ అంత పెద్ద పోస్టు కాదు.

ఇవాళ నాన్న చెవి దగ్గర వంగి మొదలుపెట్టాను, మా వీధి మొదట్నుంచి. సిస్టర్ బయటికి పంపేదాకా ఒక్క బోర్డూ మర్చిపోలేదు.

మార్చి 6

టైలర్ దగ్గరికొచ్చేసరికి నాన్న వేలు కదిలింది. సిస్టర్‌కి చెప్తే, అవి వాటంతటవే కదుల్తుంటాయమ్మా అంది. ఆవిడకేం తెలుసు. ఈ డ్యూటీలో నేను సీనియర్‌ని.

మార్చి 8, ఆదివారం

పెద్దత్త వచ్చింది. కారిడార్ బెంచీ మీద కూర్చోబెట్టి నా ట్రీట్‌మెంట్ సంగతి గర్వంగా చెప్పాను. అత్త ఏడుస్తూనే నవ్వింది. పిచ్చిమొహమా, మా తమ్ముడికి బండి మీద నిద్రేంటే, పెళ్లికి ముందు తెల్లవార్లూ కంపెనీ వ్యాను తోలినవాడు, అంది. వెనక కూర్చుంటే నాకు ఒకటే వాంతులట. తలెత్తి దూరంగా రోడ్డు చూస్తుంటే రావని ఎవరో చెప్తే, ముందు కూర్చోబెట్టి ఈ బోర్డుల పని కల్పించాడట.

అమ్మ వైపు చూశాను. ఫ్లాస్కు మూత బిగిస్తూ, నీకు తెలుసనుకున్నానే, అంది.

అదే రోజు, సాయంత్రం

అంటే నా గొంతు ఎవర్నీ మేలుకొలపలేదు. ఒక్కసారి కూడా.

మార్చి 9

లోపలికి వెళ్లలేదు. కాలు నిలవక హాస్పిటల్ మెట్లన్నీ ఎక్కి దిగాను.

మార్చి 10

వెయిట్ చేద్దాం అన్నారు డాక్టర్. చేతులెత్తేశాం అనడానికి వాళ్ల భాషలో మాట.

లోపలికెళ్లి మళ్లీ చదివాను. నాకు చేతనైంది ఇదొక్కటే. పంక్చర్లు, టైలర్, గోడ, అన్నీ అయ్యాయి. వంతెన వచ్చింది. ఆగిపోయాను. వంతెన అవతల ఏమున్నాయో నాకు తెలియదు. అక్కడికి రాగానే, ఇక నాకు నిద్ర రాదులే, నువ్వు పడుకో రేడియో, అనేవాడు. వంతెన మీది గాలికి కళ్లు మూసేదాన్ని. తెరిస్తే పెద్దత్త ఇంట్లో మంచం.

అత్తని అడిగాను. నేనెప్పుడు చదివానే ఆ బోర్డులు, కొత్త రోడ్డు వేసి అన్నీ పీకేశారుగా, అంది. అమ్మ సరేసరి. ఆ దారి చూసింది నాన్న ఒక్కడే.

మార్చి 11

వంతెన దాటాం నాన్నా. నాకు నిద్రొస్తోంది. మిగతావి నువ్వు చదువు.