ఆరు తలుపుల హాలు

మామయ్యకు,

మీ మేనకోడలి నమస్కారాలు.

ఆపరేషన్ అయ్యాక మీరు వీధి గది కిటికీ దగ్గరే కూర్చుంటున్నారని, పలక మీద కూడా ఏమీ రాయడం లేదని అత్తయ్య చెప్పింది. జీవితమంతా మార్కెట్ యార్డులో వేలం పాడిన మనిషికి గొంతు పోతే ఎలా ఉంటుందో నాకు తెలుసునని అనను. తోచినదొకటి చెబుతాను.

నేనూ నా స్నేహితురాలూ కలిసి నడుపుతున్న ఆన్‌లైన్ ఆట ఉంది కదా. అందులో బొమ్మలుండవు, చప్పుడుండదు, అంతా అక్షరాలే. మీరు టైపు చేసింది ‘ఫలానా ఆయన అన్నాడు’ అని అందరికీ కనబడుతుంది. ఎవరికి గొంతుందో ఎవరికి లేదో అక్కడ ఎవరికీ తెలియదు.

లోపలికి రాగానే ఒక రాతి హాలు, ఆరు తలుపులు. యోధుడు, వైద్యుడు, మంత్రగాడు, వేటగాడు, దొంగ, గాయకుడు. వీటిలో ఒక క్లాసు ఎంచుకోవాలి. క్లాసంటే ఆటలో మీరు చేసే పని. ఎంచుకోగానే ఆ తలుపు తెరుచుకుంటుంది, ఆట మొదలవుతుంది. రెండు నిమిషాల పని.

ఉంటాను,
మీ మేనకోడలు

తా.క. తలుపు దాటాక మళ్ళీ హాల్లోకి రావడం కుదరదు. కంగారుపడకండి, ఏది ఎంచుకున్నా నష్టం లేదు.

*

చిరంజీవి మేనకోడలిని దీవించి మామయ్య రాస్తున్నది.

ఫోన్లో మాట్లాడలేను. మెసేజ్ పెడితే బొటనవేలి బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటావు. అందుకే కాగితం.

నీ హాల్లోకి వెళ్ళాను. మనిషి ఏ పని చేసుకుని బతకాలో రెండు నిమిషాల్లో తేల్చుకోమనడం మీ కాలానికే చెల్లింది. బస్తా మూతి దగ్గర బంగాళదుంపలు చూసి పాట మొదలుపెట్టే రకం కాదు నేను. అడుగుదాకా చెయ్యి పెట్టి చూసేవాణ్ణి. కాబట్టి కొన్ని అనుమానాలు.

యోధుడికి వయసు మీరితే ఎవరు చూసుకుంటారు? వైద్యుడికి జబ్బు చేస్తే ఎక్కడికి వెళ్తాడు? మంత్రగాడు అన్నీ మంత్రంతోనే చేయగలిగితే మిగతా ఐదు తలుపులు దేనికి? దొంగ సంగతి మరీ విడ్డూరం. దొంగనని ముందే చెప్పుకుని లోపలికి వెళ్ళినవాడికి దొంగిలించడానికి ఏం మిగులుతుంది?

ఈ విషయంలో మీ అత్తయ్య సలహా అడుగుదామని పలక తీశాను. ‘దొంగ’ అని రాశానో లేదో, రెండో మాట రాయనివ్వకుండా కర్ర పట్టుకుని పెరట్లోకి పరిగెత్తింది. మిగతా వాక్యం చదివించడానికి పలకతో పెరడంతా ఆమె వెనక తిరిగాను. ఇరుగుపొరుగు వాళ్ళు కూడా వచ్చి వెతికారు.

చివరికి యోధుడి వైపు మొగ్గి, పద్ధతి ప్రకారం ‘యోధుడు, ఒకటోసారి’ అని కొట్టాను. ‘ఆ మాట అర్థం కాలేదు’ అంది నీ ఆట. ‘యోధుడు, రెండోసారి’ అన్నాను. మళ్ళీ అదే జవాబు. మూడోసారి అనలేదు. పాట కొట్టేసేముందు ఇంకెవరైనా ఉన్నారేమోనని చుట్టూ చూడటం మర్యాద. చూస్తే హాల్లో ఎవరూ లేరు. ఆగిపోయాను.

ఇట్లు,
మీ మామయ్య

తా.క. మీ అత్తయ్య నాతో అరిచి మాట్లాడుతోంది. ‘పోయింది నా గొంతు, చెవులు కాదు’ అని రాసి చూపించాను. అది కూడా అరిచి చదివింది.

*

మామయ్యకు నమస్కారాలతో,

ఆరింటిలో ఒక్కటీ మీకు నచ్చలేదని అర్థమైంది. తప్పు మాదే. మీలాంటి మనిషి వస్తారని ఆట రాసేటప్పుడు అనుకోలేదు.

అందుకని ఏడో తలుపు పెట్టాను. క్లాసు పేరు వేలంపాటగాడు. మీ కోసమే రాశాను. అతను ఒక్క మాట అంటే కోటలోనూ అడవిలోనూ సముద్రం మీదా ఉన్నవాళ్ళందరికీ ఒకేసారి వినబడుతుంది. అంత గొంతు ఆటలో ఇంకెవరికీ లేదు. ‘ఒకటోసారి’ అన్నా అర్థం చేసుకుంటుంది. ఇక ఆలోచించకుండా వెళ్ళండి.

మీ మేనకోడలు

తా.క. వేలంపాటగాడికి వయసు మీరదు, జబ్బు చేయదు, దొంగలు అతని జోలికి రారు. అడుగుదాకా చెయ్యి పెట్టి చూసుకోవచ్చు.

*

మేనకోడలికి,

ఏడో తలుపు చూశాను. నువ్వు మంచి మనసుతోనే పెట్టావని తెలుసు. అయినా బాధేసింది. దాచుకోవడం ఎందుకు, కోపం కూడా వచ్చింది.

నేను ఆసుపత్రి నుంచి వచ్చాక యార్డు వాళ్ళు గేటు దగ్గర నాకో కుర్చీ వేశారు. పనేమీ లేదు. వచ్చేపోయే లారీలను చూస్తూ కూర్చోమన్నారు. డ్రైవర్లు చెయ్యి ఊపేవాళ్ళు, నేనూ ఊపేవాణ్ణి. కొన్నాళ్ళు కూర్చుని ఇంటికి వచ్చేశాను. ఆ కుర్చీకీ నీ తలుపుకీ నాకు తేడా కనబడలేదు. పోయిన గొంతును అచ్చులో పోసి నాకే ఇస్తే నేనేం చేసుకోను? అది తీసెయ్యి.

పైగా హాల్లో నేనిప్పుడు ఖాళీగా లేను. కొత్తవాళ్ళు వస్తున్నారు. ఇన్ని తలుపులు చూసి దిక్కుతోచక నిలబడతారు. ఏది మంచిదని నన్ను అడుగుతారు. ఒక్కోదాని మంచీ చెడ్డా విడమరిచి చెబుతున్నాను. ఈ పనికి నన్నెవరూ నియమించలేదు. అది గుర్తుపెట్టుకో.

మామయ్య

తా.క. ఒకడు వైద్యుడినవుతానన్నాడు. నాలుగు ప్రశ్నలు వేసి వద్దన్నాను. రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయట. అక్షరాల్లో రక్తమేమిటని నువ్వనొచ్చు. ‘రక్తం’ అని కొట్టగానే అతను చాలాసేపు కనబడలేదు.

*

మామయ్యకు,

తలుపు తీసేశాను. మిమ్మల్ని నొప్పించాలని కాదు. మన్నించండి.

ఇంకో సంగతి రాయక తప్పడం లేదు. మీరు వచ్చినప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం ఒక కొత్త ఆటగాడు చేరుతున్నాడు. నల్లగొడ్డలి, తుఫాను, ఒంటికన్ను, పులిమీసం, ఇలా రోజుకొకరు. మొదట్లో మేం పొంగిపోయాం. తీరా చూస్తే వాళ్ళలో ఒక్కరూ తలుపు దాటలేదు. హాల్లోకి వస్తారు, మీతో మాట్లాడతారు, ఏదీ ఎంచుకోకుండా వెళ్ళిపోతారు. మళ్ళీ కనబడరు.

మీరు వాళ్ళను బెదరగొట్టి పంపేస్తున్నారని నా స్నేహితురాలి నమ్మకం. కాదని నేను గట్టిగానే పోట్లాడాను. మాది చిన్న ఆట. కొత్తవాళ్ళు నిలవకపోతే మూసుకోవాల్సిందే. అందుకని క్లాసు లేకుండా హాల్లో మిగిలినవాళ్ళందరినీ ఈ ఆదివారం తీసేయాలని ఆమె తేల్చేసింది. అందులో మీరూ ఉంటారు మామయ్యా. దయచేసి ఈలోగా ఏదో ఒక తలుపు దాటండి.

మీ మేనకోడలు

తా.క. పులిమీసం అనే అతను వెళ్ళేముందు మీతో ‘చలిగాలి తిరిగింది, మెడ జాగ్రత్త’ అన్నట్టు మా దగ్గర నమోదైంది. అది బెదిరింపేమోనని నా స్నేహితురాలు భయపడుతోంది. మీకు వాడితో ఏమైనా గొడవా?

*

మేనకోడలికి,

ఈ ఉత్తరం ఆదివారంలోగా అందాలి. అందుకని కుశలప్రశ్నలు మాని ముందు ఇది చెబుతున్నాను. హాల్లోంచి ఎవరినీ తీసేయకు. నేను ఏ తలుపూ ఎంచుకోను. చేతకాక కాదు. దాటితే వెనక్కి రానివ్వరని నువ్వే రాశావు. నాకు కావలసింది ఈ హాలే.

ఇంట్లో నేను పలక మీద మూడు మాటలు రాస్తే నాలుగోది మీ అత్తయ్యే చెప్పేస్తుంది. నీళ్ళా, దుప్పటా, కిటికీ మూయనా అని. ప్రేమతోనే. చాలాసార్లు ఆమె అన్నదే సరిపోతుంది కూడా. నీళ్ళు కాని మాట, దుప్పటి కాని మాట ఏదైనా ఉంటే అది మాత్రం పలక మీదే చెరిగిపోతుంది. హాల్లో అలా కుదరదు. నేను మొత్తం రాసి మీట నొక్కేదాకా అవతలివాడికి ఒక్క అక్షరం కనబడదు. ఆగి తీరాలి. ఆపరేషన్ తర్వాత నా మాట చివరిదాకా విన్నవాళ్ళు నీ ఆటలోనే ఉన్నారు.

ఇక నీ కొత్త ఆటగాళ్ళు. వాళ్ళు వేర్వేరు మనుషులనే నేనూ అనుకున్నాను. నిన్న ఇనుపదవడ అని ఒకడు వచ్చాడు. వేటగాడి గురించి ఏదో అడిగి, మధ్యలో ‘మీరు ఎవరితోనైనా అనాలనుకుని అనలేకపోయిన మాట ఉందా’ అన్నాడు. ముక్కూమొహం తెలియనివాడే కదా అని చెప్పాను. ఆపరేషన్ గది తలుపు దాకా నా భార్య వచ్చిందనీ, ఇక గొంతు ఉండదని ఇద్దరికీ తెలుసనీ, ఆమెతో చెప్పాలని ఒక మంచి మాట రోజుల తరబడి కూర్చుకున్నాననీ చెప్పాను. తీరా నోరు తెరిస్తే ‘ఇంటికి గొళ్ళెం వేశావా’ అని వచ్చింది. ఆమె జవాబు చెప్పేలోగా తలుపు మూసేశారు. నా గొంతు ఆమెతో అన్న ఆఖరి మాట అదే. కూర్చుకున్న ఆ మంచి మాట కూడా ఇనుపదవడకు రాశాను. నీకు రాయను.

పక్క గదిలో పాత కంప్యూటర్ ముందు కూర్చుని కుట్టు నమూనాలు చూస్తున్నానని చెప్పే మనిషి ముక్కు చీదిన చప్పుడు వినబడింది. తర్వాత అదే గదిలోంచి ఒక్కో మీట వెతికి కొడుతున్న చప్పుడు, అది ఆగగానే నా తెర మీద జవాబు వచ్చాయి.

‘వేశాను. తాళం కూడా వేశాను.’

కాబట్టి నీ స్నేహితురాలికి చెప్పు. నల్లగొడ్డలి, తుఫాను, ఒంటికన్ను, పులిమీసం, అందరూ మీ అత్తయ్యే. రోజుకో పేరు ఎందుకంటే, నిన్నటి పాస్‌వర్డ్ ఇవాళ గుర్తుండదు.

ఇట్లు,
మామయ్య

తా.క. ఈ సంగతి ఇంట్లో ఇద్దరమూ ఎత్తలేదు. ఈ పొద్దున కూడా నాతో అరిచే మాట్లాడింది. మధ్యాహ్నం రాతిగుండె అని ఒకడు హాల్లోకి వచ్చి, తొందరేమీ లేదు, మొదటినుంచి చెప్పండి అన్నాడు. చెబుతూనే ఉన్నాను. అతను ఇంకా వెళ్ళలేదు.