గేటు పక్క చదును

అమ్మాన్

ఇంజనీరు రనీమ్ గారికి,

దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి. నిన్న పార్కు పటం పరిచి, ఏం కావాలో చెప్పమని మా పేటవాళ్లందరినీ అడిగారు. నేను నోరు విప్పలేదు. పక్కన నా భర్త ఉన్నారు.

"అంగుళం కూడా ఖాళీ వదలొద్దమ్మా! గేటు పక్క చదునులో మాత్రం అంజూర పెట్టండి. పండకముందే ఈ ఉమ్ గస్సాన్ కోసెయ్యకుండా చూడండి," అన్నది ఆయనే.

"నువ్వు మిగిలిస్తేగా అన్నా, నేను కోసేది!" అంది ఎదురింటి ఉమ్ గస్సాన్. అందరూ నవ్వారు.

మా పేటలో ఎవరు పోయినా పరామర్శ డేరా వేసేది ఆ చదునులోనే. మా ఇళ్లన్నీ మెట్ల సందుల్లో ఉన్నాయి. మూడు రోజులు వచ్చిపోయేవాళ్లు కూర్చుని చేదు కాఫీ తాగడానికి మరో చోటు లేదు. ఆయన ఎదుట ఆ మాట ఎలా ఎత్తను? ఆయన గురించి డాక్టరు నాతో చెప్పింది ఆయనకింకా తెలియదు.

చలికాలం వానలకు మొక్కలు నాటుతామన్నారు. మిగతా అంతా నాటండి. ఆ చదును మాత్రం అలాగే ఉంచండి. డేరా విప్పాక నేనే కబురు పంపుతాను, అప్పుడు అంజూర మొక్క తెండి. మూల గుంజ తీసిన గుంతలో నాటుదాం. అది ఎదిగాక, తర్వాతి వాళ్ల డేరా తాడు దానికే కట్టుకుంటారు.