గోడ కట్టేశాను

నాన్నా,

అత్తయ్య ఇంట్లో దాక్కున్నావని తెలిసింది. ఎన్నాళ్లు దాక్కుంటావు? కోత యంత్రం వచ్చాక మన ఎడ్లబండిని పిలిచేవాళ్లే లేరు. ఆ యంత్రం నడపడం నేర్పే శిక్షణలో నీకు చోటు కోసం ఎంతమంది గడపలు తొక్కానో మర్చిపోయావా?

బ్రేకు తొక్కాల్సింది పోయి, ఎడ్లను ఆపినట్టు స్టీరింగును వెనక్కి లాగి "హో, హో" అన్నావట. యంత్రానికి చెవులుంటాయా? వెళ్లి శిక్షణ కేంద్రం గోడను కూల్చింది. తోటివాళ్లు నవ్వారు. నవ్వరా మరి? వింటే నాకూ నవ్వొచ్చింది. దానికే చెప్పులు కూడా వదిలేసి పారిపోవాలా?

నిన్ను వెళ్లగొట్టారేమోనని శిక్షణ ఇచ్చే మాస్టారితో గొడవకే వెళ్లాను.

"మీ నాన్నను నేను పొమ్మనలేదమ్మా. సోమవారం రాకపోతే ఆ చోటు ఇంకొకరికిస్తాను. ఇంతకీ ఈ గోడ ఎవరు కడతారు?" అన్నారు.

నాకు తాపీపని ఎవరు నేర్పారు? చూసి నేర్చుకున్నాను. నా మొదటి గోడ తెల్లారేసరికి కూలితే వీధంతా నవ్వింది. "మళ్లీ కట్టవే, ఇటుకలేం ఏడవవు" అన్నది నువ్వే. ఆ మాట నాకేనా, నీకు పనికిరాదా?

నిన్నా ఇవాళా కూర్చుని ఆ గోడ నేనే కట్టాను. ఈసారి రెండింతల మందం పెట్టాను. మళ్లీ గుద్దినా పడదు. సోమవారం రా.

నీ కూతురు