అప్‌గ్రేడ్ రికార్డు లేదు

బావమరిదికి,

ఊరెళ్ళిన దగ్గర్నుంచి నువ్వు రోజూ ఫోన్ చేస్తున్నావని మీ అక్క చెప్పింది. అందుకే ఒక్కసారి రాసి ముగిస్తున్నాను.

ఆసుపత్రిలో మన సాఫ్ట్‌వేర్ మొరాయించి, ఒకరి రక్తపరీక్ష ఫలితాలు ఇంకొకరికి వెళ్ళినప్పుడు, అక్కడి కంప్యూటర్ దానంతట అదే మనకు రిపోర్టు పంపింది. అందులో "అప్‌గ్రేడ్ రికార్డు లేదు, బహుశా కొత్త ఇన్‌స్టాలేషన్" అని ఉంది. మీటింగులో నువ్వు లేచి, "పాతదాని మీద కొత్తది ఎక్కించే అప్‌గ్రేడే జరగలేదండీ, అందులో పొరపాటుకు తావే లేదు, తప్పు మన ప్రోగ్రాములోనే ఉంది" అన్నావు. ఆ ప్రోగ్రాము రాయించింది నేనని తెలిసీ అన్నావు.

నేను నెమ్మదిగానే అడిగాను. "రికార్డు లేదంటే అప్‌గ్రేడ్ జరగలేదని కాదు కదా. ఎవరైనా చెరిపేసి ఉండొచ్చు. అప్‌గ్రేడ్లూ, ఆ రికార్డులూ చూసుకునేదెవరు?"

"నేనే. కానీ నేను చెరపలేదు బావా" అన్నావు. ఆఫీసులో నువ్వు నన్ను బావా అనడం అదే మొదలు. అందరూ తలలు దించుకున్నారు.

నువ్వు చెరపలేదని నాకు తెలుసు. ఆ కంప్యూటర్ నా సంతకంతో కొన్న కొత్తది. అందులో చెరపడానికి ఏమీ లేదు. ఆ మాట నేను అక్కడ అనలేదు, ఇక ముందు కూడా అనను. ఉద్యోగం నీకు మళ్ళీ దొరుకుతుంది, ఈ వయసులో నాకు దొరకదు.

నిన్న మీ అక్క ఆ రిపోర్టులో ఉన్నదానికి అర్థమేమిటని అడిగింది. "మీ తమ్ముడు చెరిపేశాడని అర్థం" అని చెప్పాను. చాలాసేపు ఏడ్చింది. తర్వాత మా ఇంట్లో నీ గది తనే ఖాళీ చేసింది. సామాను వాచ్‌మన్ దగ్గర ఉంది, వచ్చి తీసుకెళ్ళు. పైకి రావద్దని తనే చెప్పమంది.

మీ బావ