దుంపల మడి వెనక మూడు గుంతలు

కొండ రోడ్డు, ఆగస్టు.

కార్ల పోటీల కార్యాలయంలో స్థానికుల బాగోగులు చూసే క్లైవ్ బాగ్నల్ గారికి, ఆ బాగోగులు ఇంతవరకూ కంటితో చూడని నోరీన్ టలక్ రాయునది.

అయ్యా, అత్తగారు ఐవీని చూసుకోవడానికి నిరుడు క్రిస్మస్‌కి ఈ ఇంటికి వచ్చాను. గేటు తీస్తే మీ రేసు ట్రాక్. ట్రాక్ అని మీరంటారు. అది జనం పన్నులతో వేసిన రోడ్డు. దాని మీద ఏడాదంతా నేను అరవై కిలోమీటర్ల వేగం దాటితే జరిమానా. అక్టోబరులో మీవాళ్ళు మూడొందలతో పోతే కప్పు! ఇదేం న్యాయం? రేసు ఆదివారం నాడే మా అత్తగారికి తొంభై నిండుతాయి. కన్నకూతురు వినిఫ్రెడ్ డబ్బో ఊరి నుంచి రావాలి. ఏటా ఆ రోజుల్లోనే మీ రేసు అడ్డొచ్చి ఆవిడ తన తల్లి పుట్టినరోజు కేకు ముక్క ఎరగదు. ఈసారి రానివ్వాలి. మనవి కాదు, హక్కు.

ఇట్లు, కోపంగా, నోరీన్.

తా.క. మా బంగాళాదుంపల మడి వెనక ఎవరో గొయ్యి తవ్వి పూడ్చారు. పైన పచ్చిక ఎంత నేర్పుగా అతికించారంటే, వంగి చూస్తే తప్ప అతుకు కనపడదు. కొండ మీద శవాలు కూడా పాతుతున్నారా?

~

గౌరవనీయులైన నోరీన్ గారికి,

శనివారం నుంచి సోమవారం దాకా బయటివారెవరూ ట్రాక్ దాటరాదు. నిబంధన అందరికీ ఒకటే. పుట్టినరోజును మరుసటి ఆదివారం జరుపుకోగలరు. అత్తగారికి రేసు టోపీ ఒకటి పంపుతున్నాం.

భవదీయుడు, క్లైవ్ బాగ్నల్.

తా.క. ఆ మూడు గుంతల జోలికి వెళ్ళకండి. శవాలు లేవు. పాములున్నాయి.

~

అయ్యా బాగ్నల్ గారూ,

పుట్టినరోజును వాయిదా వేయాలా! అత్తగారికి చదివి వినిపిస్తే, "ఏమే నోరీన్, తొంభయ్యేళ్ళదాన్ని, పై ఆదివారం దాకా ఉంటానని ఆ అబ్బాయికి ఎవరు చెప్పారే?" అంది. టోపీ మాత్రం తలమీంచి తీయడం లేదు. మనుషుల కంటే చక్రాలకు విలువిచ్చే చోట ముసలివాళ్ళకి దక్కేది టోపీలే.

ఇట్లు, మరింత కోపంగా, నోరీన్.

తా.క. నేను రాసింది ఒక్క గొయ్యి. మూడని మీకెలా తెలుసు? పరుగున వెళ్ళి చూశాను. మూడే! పోలీసు సార్జెంటుకి చెప్పేస్తున్నాను.

~

నోరీన్ గారికి, అత్యవసరం.

నిబంధన మారలేదు. మీ దుంపలు బాగా ఊరాలని కార్యాలయం కోరుకుంటోంది.

భవదీయుడు, క్లైవ్.

తా.క. శవం కాదు తల్లీ, బీరు! రేసు చూడ్డానికి కొండ మీద గుడారాలేసుకునే వాళ్ళకి తలకింత బీరే అని కోత పెట్టింది మేమే కదా. అందుకని ముందే వచ్చి పాతిపెడతారు. తండ్రుల నాటి ఆచారం. సార్జెంటుకి మాత్రం చెప్పకండి. రెండో గుంతలో ఆయన వాటా ఉంది.

~

బాగ్నల్!

ఈ ఉత్తరంలో 'గారు' లేదు. కోత పెట్టేదీ మీరే, గోతిలో పెట్టేదీ మీరేనా? రోడ్డు మీదైతే దొడ్డి నాది. మూడూ తవ్వాను. డబ్బా డబ్బా తెరిచి అంతా దుంపలకి పోశాను. మీ గుడారాల వీరులు ఇక నీళ్ళు తాగి రేసు చూస్తారు. పోరాటమంటే ఇదీ!

ఇట్లు, విజయగర్వంతో, నోరీన్.

తా.క. కోళ్ళు పక్కకి నడుస్తున్నాయి. పుంజు కంచెతో తగాదా పెట్టుకుంది. అత్తగారు మాత్రం కిటికీలోంచి అంతా చూసి, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఏమైందో బోధపడటం లేదు.

~

నోరీన్ గారికి,

మీ ఉత్తరం ఇప్పుడే చదివాను. ఆ బీరు ఐవీ గారి పుట్టినరోజుది.

దారులు మూసేశాక ఆవిడ దగ్గరికి అయినవాళ్ళెవరూ రాలేకపోయేవారు. ఏటా కంచె దాటి వచ్చి కేకు కోయించింది గుడారాల వాళ్ళే. మా నాన్న భుజాలమీద కూర్చుని నేనూ వచ్చాను. తవ్వడానికి చోటు చూపించింది ఆవిడే. పచ్చిక అంత నేర్పుగా అతికించిందీ ఆవిడే. "నోరీన్‌కి చెప్పకండ్రా, మీటింగు పెట్టి తీర్మానం చేస్తుంది" అని మా చేత ఒట్టు వేయించుకుంది.

సంగతి పైవాళ్ళకి చెప్పాను. కన్నకూతురి కోసం అంగుళం కదలని నిబంధన, పుట్టినరోజుకి బీరు లేదనేసరికి లేచి నడిచింది. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. ఆదివారం రేసు మొదలయ్యే ముందు బీరు సరఫరా బండి ఒకటి మీ గేటు దాకా రావచ్చు. అనుమతి జతపరిచాను. మీరు చెప్పిందే నిజం, ఇదేం న్యాయం?

సిగ్గుతో, క్లైవ్.

తా.క. బండి వెనక వినిఫ్రెడ్‌నీ ఆవిడ పిల్లల్నీ కూర్చోబెట్టండి. కాగితంలో వాళ్ళని కూడా బీరు పెట్టెలనే రాశాను. తనిఖీ దగ్గర దయచేసి హక్కుల ఉపన్యాసం ఇవ్వకండి. పెట్టెలైతే దారి ఇస్తారు. మనుషులని తెలిస్తే వెనక్కి పంపేస్తారు.